ఇంటి ప్రహరి – దాని వెల

కోటకు ప్రాకారమును, చేనికి కంచెయు, ఇంటికి ప్రహరియు ఒక్క పనినే చేయును. ఇంతవరకు నాది, అటుపై నీది అని అవి నోరు విప్పకయే చెప్పును. పల్లెలలో మన పెద్దలు తుమ్మకంప నరికి తెచ్చియో, తాటిమట్టలతో దడి కట్టియో ఒకటి రెండు దినములలో ఈ పని ముగించుకొనెడివారు. చెన్నపట్నము వంటి మహానగరమున అదే పని ఒక కుటుంబము కొన్ని సంవత్సరములు కూడబెట్టిన ధనమును మ్రింగివేయుచున్నది. ఆ ధనము ఎచ్చట ఎట్లు ఖర్చగునో తెలిసికొనుటకు ఎనిమిదవ తరగతి గణితము చాలును. మా చిన్నాయనగారు కట్టించిన గోడ ఒకటి పడగొట్టవలసి వచ్చినప్పుడు నేనీ లెక్కలోనికి దిగితిని. ఆ కథ తరువాత చెప్పెదను, ముందు లెక్క.

చెన్నపట్నమున ఇంటిస్థలమును గ్రౌండులలో చెప్పుదురు. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు, అనగా సుమారు 223 చదరపు మీటరులు. బెంగుళూరిలో 'ముప్పది–నలుబది సైటు', 'నలుబది–అరువది సైటు' అని పొడవు వెడల్పులనే చెప్పుట వాడుక. ప్రహరి కట్టువానికి బెంగుళూరి వాడుకయే మేలు. ఏలనన గోడ వైశాల్యమును బట్టి పెరుగదు. చుట్టుకొలతను బట్టి పెరుగును. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు గల గ్రౌండునకు చుట్టుకొలత 200 అడుగులు. 80 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గలదియు గ్రౌండే. దాని చుట్టుకొలత 220 అడుగులు. అన్నదమ్ములు పంచుకొనగా మిగిలిన 120 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల పట్టెవంటి స్థలమును గ్రౌండే. దానికి మాత్రము 280 అడుగుల గోడ కావలెను. స్థలము వెల ఒకటే యైనను గోడ వెల ఒకటి కాదు.

ఇంకొక చిత్రము చూడుడు. సగము గ్రౌండు కొన్నవాని స్థలము 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. దాని చుట్టుకొలత 140 అడుగులు. స్థలము సగమైనది గాని గోడ సగము కాలేదు. నూటికి డెబ్బది పాళ్లు మిగిలియే యున్నది. స్థలము చిన్నదైన కొలది చదరపు అడుగునకు పడు గోడ బరువు పెరుగును. చిన్న సంసారి మీదనే ప్రహరి ఎక్కువ భారము వేయుచున్నది.

ఈ సగము గ్రౌండునకే గోడ కట్టుదము. వాకిలికి 10 అడుగులు విడిచినచో కట్టవలసిన గోడ 130 అడుగులు. ఎత్తు 5 అడుగులు, మందము నాలుగున్నర అంగుళములు. ఇటుక 9 అంగుళముల పొడవు, 3 అంగుళముల ఎత్తు గలదనుకొనుడు. మధ్యనుండు మాలు అర అంగుళము. అప్పుడొక్కొక్క ఇటుక గోడ ముఖమున తొమ్మిదిన్నర అంగుళముల పొడవు, మూడున్నర అంగుళముల ఎత్తు ఆక్రమించును. 144 చదరపు అంగుళములను దానిచే భాగించిన, చదరపు అడుగునకు సుమారు 4.33 ఇటుకలు వచ్చును. గోడ ముఖము 650 చదరపు అడుగులు, ఇటుకలు 2,815. విరిగిపోవు వాటిని కూడ కలిపిన 3,000. ఇంత పలుచని గోడ నిలువవలెనన్న పదేసి అడుగులకొక స్తంభము వేయవలెను. మూలలను, వాకిలిని కలిపి పదునైదు స్తంభములకు మరి 250 ఇటుకలకు పైగా పట్టును. మొత్తము 3,300 అనుకొందము.

ప్రహరి అనగానే మన కన్నులకు కనబడునది ఈ ఇటుకల గోడయే. కాని కనబడని గోడ మరియొకటి భూమిలో నున్నది. 130 అడుగుల పొడవున, 2 అడుగుల వెడల్పున, 3 అడుగుల లోతున కందకము త్రవ్వినచో 780 ఘనపుటడుగుల మన్ను వెలికి వచ్చును. అందులో అర అడుగు మందమున పరచు కాంక్రీటు 130 ఘనపుటడుగులు. దానిపై సగటున అడుగుంబావు వెడల్పున, రెండున్నర అడుగుల ఎత్తున కట్టు బండరాతి కట్టడము సుమారు 406 ఘనపుటడుగులు. రెండును కలిసి 536. పైన కనబడు ఇటుకగోడ ఎంత? 650 చదరపు అడుగులను నాలుగున్నర అంగుళములచే గుణించి చూడుడు: 244 ఘనపుటడుగులు మాత్రమే. కనబడని గోడ కనబడు గోడకు రెండింతల కంటె పెద్దది!

ఇక ధరలు. ఇవి ఊరూర మారుచుండును గనుక నేను ఉదాహరణకై కొన్ని పట్టుకొనుచున్నాను. మీరు మీ వీధిలోని మేస్త్రిని అడిగి నా అంకెల స్థానమున ఆయన అంకెలు వేసికొనుడు. త్రవ్వుటకు ఘనపుటడుగునకు 12 రూపాయలైన 9,360. క్రింది కాంక్రీటునకు ఘనపుటడుగునకు 170 చొప్పున 22,100. రాతి కట్టడమునకు 150 చొప్పున 60,900. ఇంతటితో గోడ నేలమట్టమునకు వచ్చినది. అప్పుడే 92,360 రూపాయలైనవి. ఇటుకలు ఒక్కొక్కటి 11 రూపాయలైన 36,300. వానిని కట్టు కూలి, సిమెంటు, ఇసుక కలిసి చదరపు అడుగునకు 60 చొప్పున 39,000. గోడకు రెండు ముఖములు గదా, సిమెంటు పూత 1,300 చదరపు అడుగులు. 45 చొప్పున 58,500. దానిపై రంగు 15 చొప్పున 19,500. ఇనుప గేటును తూకముపై అమ్ముదురు. 150 కిలోగ్రాములది 130 చొప్పున 19,500. అన్నియు కూడిన 2,65,160 రూపాయలు.

ఈ మొత్తమున ఇటుకల వెల ఏడింట ఒక పాలు కూడ లేదు. అయినను మనవారు ఇటుకల బట్టీవానితోనే గంటల తరబడి బేరమాడుదురు! రూపాయి తగ్గించి తెచ్చినను మిగులునది 3,300. గోడను ఒక్క అడుగు తగ్గించి 4 అడుగులు చేసినచో ఇటుకపని, పూత, రంగులలో అయిదవ వంతు, అనగా ముప్పది వేలకు పైగా మిగులును. పునాది ఖర్చు మాత్రము తగ్గదు. పునాదిలో తగ్గించుకొందమనుకొన్న వారికి నేల తగిన జవాబు చెప్పును.

ఆ నేల నగరమంతట ఒక్కటి కాదు. సముద్రము ప్రక్కనున్న తిరువాన్మియూరు, కొట్టివాక్కము, శాంథోము, తండయారుపేటలు ఇసుక నేలలు. గిండి, వేళచ్చేరి, ఆదంబాక్కము ప్రాంతములలో అడుగున రాయి తగులును. పడమటి మాంబళము, అణ్ణానగరు, పెరంబూరు, విరుగంబాక్కము, మన తెలుగువాడైన పిట్టి త్యాగరాయచెట్టిగారి పేర వెలసిన త్యాగరాయనగరు – ఇవన్నియు బంకమన్ను నేలలు. బంకమన్ను వానకు ఉబ్బును, ఎండకు కుంగును. ఇల్లు బరువైనది గనుక కొంత ఓర్చుకొనును. ప్రహరి తేలికయైనది, పొడవైనది. ఒకచోట లేచి, ఒకచోట దిగి, రెండు మూడు వేసవులకే నడుమ బీటలు వారును. నల్లరేగడి వంటి నేలలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు అడుగున గంటవలె వెడల్పైన కాంక్రీటు స్తంభములను రూపొందించిరి. ఇంటికి తగిన ఆ ఉపాయము ప్రహరికి చాల ఖరీదు. కావున ప్రహరికి కాంక్రీటు స్తంభములు లోతుగా దింపి, వానిని నేలమట్టమున ఒక దూలముతో కలిపి, దానిపై ఇటుకలు కట్టుదురు.

ఇంతవరకు గోడ వెల. మహానగరమున దీనికి తోడు మరియొక వెల కలదు. దానిని ఏ మేస్త్రియు చిట్టాలో వ్రాయడు. గోడ మందము నాలుగున్నర అంగుళములు. దానిని మన హద్దునకు లోపల కట్టుకొన్నచో 140 అడుగుల చుట్టున అది సుమారు 52 చదరపు అడుగుల స్థలమును తినివేయును. నగరపు అంచులలో చదరపు అడుగు 5,000 రూపాయలనుకొన్నను, గోడ క్రింద పోయిన స్థలము వెల 2,60,000. గోడ వెలయు, అది నిలిచిన నేల వెలయు ఇంచుమించు సమానము! పల్లెలో గట్టు జానెడు జరిగినను పెద్దమనుష్యులు సర్దిచెప్పెదరు. నగరమున అంగుళమునకై కోర్టు కెక్కుట ఎందుకని నేను చాల కాలము నవ్వుకొంటిని. ఈ లెక్క వేసిన తరువాత నవ్వు రాలేదు.

ఇప్పుడు మా చిన్నాయనగారి సంగతి. ఆయన నగరమునకు పడమట సగము గ్రౌండు కొనిరి. తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణములు 40 అడుగులు అని అమ్మినవారు చెప్పిరి. మేస్త్రి ఉత్తరపు హద్దున 30 అడుగులు కొలిచి, 3, 4, 5 అడుగుల త్రాళ్లతో మూల సరిచూచి, చక్కని దీర్ఘచతురస్రముగా ముగ్గు పోసెను. పైథాగొరసు సూత్రము ప్రకారము ఆ మూల ఖచ్చితముగా లంబకోణమే. మేస్త్రి పనిలో ఏ లోపమును లేదు. గోడ లేచినది, పూత అయినది, రంగు పడినది. తూర్పున నున్న తమిళ సోదరుడు తన ఇంటి ప్రక్కసందున ద్విచక్రవాహనము త్రోసికొని పోవుచు, దక్షిణపు కొసకు వచ్చుసరికి ఆగిపోయెను. మూడడుగుల దారి అచ్చట రెండుంబావు అడుగులైనది.

దస్తావేజు తీసి చూచిరి. అది తమిళమున నున్నది. అందు 'వడపురం 30 అడి' అని ఒక పంక్తియు, దాని క్రిందనే 'తెన్‌పురం 29 అడి 3 అంగులం' అని మరియొక పంక్తియు కలవు. వడపురము ఉత్తరపు ప్రక్క, తెన్‌పురము దక్షిణపు ప్రక్క. స్థలము దీర్ఘచతురస్రము కాదు. తూర్పు హద్దు వాలుగా పోయిన సమలంబ చతుర్భుజము. మొదటి పంక్తి చదివినవారు రెండవదియు అట్లే యుండునని తలచిరి. ఆ కాగితముననే వైశాల్యము 1,185 చదరపు అడుగులని స్పష్టముగా నున్నది. ముప్పదిని నలుబదిచే గుణించిన 1,200 వచ్చును గాని 1,185 రాదని ఇంటిలోని ఏ పిల్లవాడైనను చెప్పియుండును, వానినెవ్వరును అడుగలేదు. 30ని 29.25ను కలిపి సగము చేసి 40చే గుణించి చూడుడు: సరిగా 1,185.

చిన్నాయనగారి గోడ ప్రక్కవారి నేలలో ఒక త్రిభుజమును ఆక్రమించినది. పొడవు 40 అడుగులు, కొసన 9 అంగుళములు. వైశాల్యము 15 చదరపు అడుగులు. పై ధరతో దాని వెల 75,000. 'అయ్యా, వెల ఇచ్చివేసెదను' అని చిన్నాయనగారు అడిగిరి. 'డబ్బుతో నా దారి వెడల్పగునా అయ్యా?' అని ఆయన మర్యాదగానే బదులు చెప్పెను. ఆ మాటలో న్యాయమున్నది. 40 అడుగుల గోడ, అడుగునకు 1,890 చొప్పున, 75,600 రూపాయలది, పునాదితో సహా పెకలింపబడినది. పెకలించు కూలి, రాళ్లు రప్పలు తరలించు బండి కూలి వేరు. మరల కట్టుట వేరు. ముందుగా సర్వేయరును పిలిచియున్నచో ఈ ఖర్చులో స్వల్పభాగముతోనే పోయెడిది.

మన పాఠశాలలో తమిళము కూడ నేర్చుకొనుచున్న పిల్లలు ఈ కాగితములు చదువగలరు. ఇంటిలో తాతయు, తండ్రియు తెలుగే చదువుకొన్నవారైన, దస్తావేజు చదువు పని పిల్లలదే యగును. దిక్కుల పేర్లు నాలుగు: వడక్కు ఉత్తరము, తెర్కు దక్షిణము, కిళక్కు తూర్పు, మేర్కు పడమర. ఈ చివరి మాట యొద్ద జాగ్రత్త వలయును. తెలుగువాని చెవికి 'మేర్కు' అనునది మన 'మేరకు' వలె వినబడి, 'హద్దు వరకు' అని తోచును. హద్దునకు వారి మాట 'ఎల్లై'. ఇది మన 'ఎల్ల'కు చుట్టము. కంచెకు వారు 'వేలి' యందురు, కన్నడిగులు 'బేలి' యందురు. మన నిఘంటువులలోను కంచె యను అర్థమున 'వెలుగు' అను మాట కలదు. ఇప్పుడు వినుట అరుదు. కంచెయే చేను మేయుట యను సామెత తమిళమునను ఉన్నది.

కిళక్కు, మేర్కు అను మాటలలో ప్రహరి కట్టువానికి పనికివచ్చు విషయమొకటి దాగియున్నది. కీళ్ అనగా క్రింద, మేల్ అనగా పైన. పడమట కొండలు, తూర్పున సముద్రము గల దేశమున ఎగువదిక్కు పడమర, పల్లపుదిక్కు తూర్పు అయినవి. వాననీరు ఆ దారినే దిగివచ్చును. చెన్నపట్నమునకు ఎక్కువ వాన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముచే కురియును. ఉత్తర దక్షిణములుగా కట్టిన ప్రతి ప్రహరియు ఆ నీటికి చిన్న ఆనకట్టయే. నీరు ఒక ప్రక్క నిలిచి మన్ను నానినచో గోడపై ఒత్తిడి పెరుగును. ఇటుకగోడ పైనుండి పడు బరువును మోయగలదు గాని ప్రక్కనుండి త్రోయు బలమును ఆపలేదు. అందుచే నేలమట్టమున నాలుగైదడుగుల కొకటి చొప్పున నీరు పోవు తూములు విడువవలెను. దీనికి మేస్త్రి అదనముగా అడుగునది దాదాపు ఏమియు లేదు. 2019 డిసెంబరు 2వ తేదీ వేకువన, కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయము చెంత, వానలకు నానిన ఎత్తైన ప్రహరి యొకటి ప్రక్కనున్న పేదల ఇండ్లపై కూలి 17 మంది నిద్రలోనే మరణించిరి. ప్రహరి ఎత్తు పెంచి కట్టువారు అవతలి ప్రక్క ఎవరు పరుండియున్నారో కూడ చూడవలసి యుండును.

గోడయే కావలెనా అని కొందరు అడుగవచ్చును. ఇల్లు కట్టుటకు ఇంక రెండు మూడేండ్లు పట్టునన్నచో కావలసినది గుర్తు మాత్రమే. ఎనిమిదేసి అడుగులకొక రాతిస్తంభము చొప్పున 18 పాతి, అయిదు వరుసల ముండ్లతీగె లాగినచో తీగె 650 అడుగులు పట్టును. స్తంభము 600, పాతుటకు 300, తీగె అడుగు 4 రూపాయలు, కూలి 4,000 అనుకొన్నను మొత్తము 22,800. గేటుతో కలిపి 42,300. గోడ ఖర్చులో ఆరవ వంతు కాదు. హద్దు తప్పినదని తెలిసిన, మధ్యాహ్నమునకు పీకి సాయంకాలమునకు మరల పాతవచ్చును. చిన్నాయనగారు మొదట ఈ పని చేసియున్నచో! కాని సముద్రతీరమున ఉప్పుగాలికి జింకు పూత లేని తీగె త్వరలోనే త్రుప్పు పట్టును. అచ్చట ఇనుప స్తంభముల కంటె రాతి స్తంభములు మేలు. ఇటీవల గాడి గల కాంక్రీటు స్తంభములలో పలకలు దింపు గోడలు వచ్చినవి. పని వేగముగా ముగియును, పూత అక్కరలేదు. అందము మాటకు నేను పూచీ పడను.

ఖర్చు తగ్గించు మరియొక మార్గము ఉమ్మడి గోడ. ఒక గ్రౌండును ఇద్దరు చెరి సగము కొని ఎవరి గోడ వారు కట్టుకొన్నచో 280 అడుగులు. నడుమ గోడ ఒక్కటియే యైన 240. అంతేకాదు, రెండడుగుల పునాది కందకము హద్దుగీతకు అటొక అడుగు, ఇటొక అడుగు దిగుటకు ప్రక్కవారి అనుమతి ఎట్లును కావలెను. వేరువేరుగా కట్టుకొన్న రెండు గోడల నడుమ జానెడు సందున పేరుకొను చెత్తను, ఎలుకలను మీరందరు చూచియే యుందురు.

చిన్నాయనగారి తూర్పు గోడ రెండవమారు లేచినది ఈ పద్ధతిపైననే. సర్వేయరు గొలుసు పట్టి రెండు రాళ్లు పాతించెను. ఆ రాళ్ల నడుమ గీతపై, మందము చెరి సగముగా, కూలగొట్టిన గోడ రాళ్లనే పునాదికి వాడి కట్టిరి. ఖర్చు ఇరువురును పంచుకొనిరి. గోడ ఉమ్మడిదని, మరమ్మతు ఉమ్మడిదని తమిళమున ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. మా చిన్నాయనగారి అబ్బాయి, అప్పుడు తొమ్మిదవ తరగతి, దానిని పంక్తి పంక్తి చదివి, అంకెలన్నియు మరల కూడి చూచి, తెలుగున నకలు వ్రాసెను. పిన్నమ్మగారు ఆ రెంటిని దస్తావేజుతో కలిపి ఇనుప పెట్టెలో భద్రపరచినారు.